మొదటిసారి తవ్వకాల క్యాంపుకి వెళ్తున్నాను, టీమ్‌తో ఎలా కలిసిపోవాలి?

ఎంఏ ఆర్కియాలజీ చదువుతున్నానని, ఈ సీజన్లో మొదటిసారి తవ్వకాలకి వెళ్తున్నానని, తెలియని మనుషుల మధ్య ఒక్కదాన్నే అయిపోతానేమోనని టెన్షన్‌గా ఉందని రాశారు. నేను కోనసీమలో కొబ్బరి తోటల మధ్య ఉన్న ఒక పాటి దిబ్బ (పాత ఊరు మట్టిలో కలిసిపోయిన దిబ్బ) మీద ట్రెంచ్ (తవ్వే గుంట) సూపర్‌వైజర్‌గా పనిచేశాను. అక్కడ చూసినదాన్ని బట్టి చెప్తాను.

ఒంటరిగా ఉండాలనుకున్నా అక్కడ కుదరదండి. ఏ పనీ ఒక్కరి చేతిలో పూర్తవదు. పలుగు పట్టేవాళ్లు, తట్టలు మోసేవాళ్లు, జల్లెడ దగ్గర కూర్చునేవాళ్లు, పెంకులు కడిగేవాళ్లు, బొమ్మలు గీసేవాళ్లు, ఫొటోలు తీసేవాళ్లు అందరూ కలిస్తేనే ఒక్క పొర సరిగ్గా నమోదవుతుంది. పొరకి నంబరు రాసేది మీరే కావచ్చు. కానీ మట్టి మారిందని ముందు తెలిసేది పలుగు పట్టిన మనిషికి. ఆయన మీతో చెప్పడానికి మొహమాటపడితే ఆ పొర మీ నోట్‌బుక్‌లోకి రానే రాదు. అందుకే స్నేహాన్ని నేను పనిలో భాగంగానే చూస్తాను.

మా దగ్గర ఉదయం పూట తట్టలు మోసే ఒకావిడ ఉండేది. ఒకరోజు తట్ట నెత్తికెత్తుకుని, "ఏటండీ, ఇది బంకమట్టి కాదు, ఇసక కలిసింది" అంది. చూస్తే నిజమే. నల్లటి ఒండ్రు కింద సన్నటి ఇసక మేట, ఎప్పటిదో వరద తెచ్చి పరిచింది. ఎండలో ఆ రంగు తేడా నా కంటికి ఆనలేదు. ఆవిడకి బరువులో తెలిసిపోయింది. అదే ట్రెంచ్‌లో ఇంకాస్త కిందికి వెళ్లాక గుండ్రంగా కాల్చిన మట్టి అంచు ఒకటి బయటపడింది. మేం పెద్ద గాబు మూతేమో అని చర్చించుకుంటుంటే, గునపం పక్కన పెట్టి ఒక పెద్దాయన వంగి చేత్తో తడిమి, "నూతి వరండి ఇది. కింద ఇంకోటి ఉంటుంది చూడండి" అన్నారు. ఆయన కుర్రతనంలో నూతుల్లో వరలు దింపే పని చేశారు. తాపీతో నెమ్మదిగా గీకుతూ వెళ్తే నిజంగానే కింద రెండోది, దాని కింద మూడోది. శాతవాహన కాలపు ఊళ్లలో ఇలాంటి మట్టి వరల బావులు మామూలే, తెలంగాణలోని పెదబంకూరులోనూ దొరికాయి. పుస్తకంలో చదివిన నాకంటే, చేత్తో దింపిన ఆయనే ముందు గుర్తుపట్టారు. ఆ సాయంత్రం నోట్‌బుక్‌లో ఎవరు గుర్తుపట్టారో పేరుతో సహా రాశాను. మీరూ అలాగే రాయండి. రిపోర్టుల్లో కూలీల పేర్లు దాదాపు కనపడవు, అది నాకు ఇప్పటికీ బాధే.

మనవాళ్లు ఎక్కువగా అనుసరించేది మార్టిమర్ వీలర్ పద్ధతి. 1944 నుంచి 1948 దాకా ఆయన పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్‌గా ఉన్నప్పుడు మన దేశంలో బాగా పాతుకుపోయింది. స్థలాన్ని గళ్లుగా విడగొట్టి, గడికీ గడికీ మధ్య కొంచెం నేల తవ్వకుండా వదిలేస్తారు. మా కూలీలు దాన్ని చేలో గట్టులాగే చూసుకునేవాళ్లు, "గట్టు తొక్కకండి" అని మమ్మల్నే కసిరేవాళ్లు. ఆ గట్టుకి అటూ ఇటూ వేర్వేరు సూపర్‌వైజర్లు ఉంటారు. మీకు నాలుగో పొర అయినది పక్కవాళ్లకి అయిదో పొర కావచ్చు. రోజూ సాయంత్రం వెలుతురు ఉండగానే ఇద్దరూ గట్టు దగ్గర నిలబడి ఒకసారి సరిచూసుకోవాలి. వారానికోసారి చూద్దాంలే అనుకుంటే అక్కడే గొడవలు మొదలవుతాయి. పక్క ట్రెంచ్ వాళ్లకి మంచి వస్తువు దొరికితే మనసు చివుక్కుమంటుంది, అది సహజం. వెంటనే వెళ్లి చూడండి, వాళ్ల ముఖంలో వెలుగు చూస్తే మీ చివుక్కు పోతుంది.

సెక్షన్ బొమ్మ, అంటే ట్రెంచ్ గోడలో కనపడే పొరల బొమ్మ, గీసేటప్పుడు ఒకరు టేపుతో కొలిచి అంకె చెప్తారు, ఒకరు గ్రాఫ్ పేపర్ మీద చుక్క పెడతారు. విన్న అంకెని పైకి తిరిగి చెప్పే అలవాటు మొదటి రోజే చేసుకోండి. ఎండకి అలిసిపోయాక తొంభై రెండు డెబ్బై రెండులా వినపడుతుంది.

పిలుపుల సంగతి: పెద్దవాళ్లని బాబాయిగారూ, పిన్నిగారూ అనండి, "ఏయ్" అని ఎవరినీ అనకండి. మధ్యాహ్నం వాళ్లు క్యారేజీలు విప్పిన చోటే మీరూ కూర్చోండి. కొన్ని క్యాంపుల్లో చదువుకున్నవాళ్లు టెంట్‌లో, కూలీలు చెట్టు కింద విడివిడిగా తింటారు. నాకు అది అస్సలు నచ్చదు. మాగాయ ముక్క చేతులు మారిన రోజు నుంచే మా ట్రెంచ్‌లో మాటలు మొదలయ్యాయి. సెలవు రోజు అందరం కలిసి గోదావరి పాయ వైనతేయ ఒడ్డున ఉన్న ఆదుర్రు బౌద్ధ స్తూపం చూడ్డానికి వెళ్లాం. ఇటుకల సైజు చూసి మా వాళ్లు గంటసేపు కదల్లేదు.

మీ క్యాంపు ఎక్కడో రాయలేదు. డెల్టాలో అయితే నీళ్ల సంగతి ముందే మాట్లాడుకోవాలి. ఇక్కడ కొద్ది లోతుకే ఊట వచ్చేస్తుంది. తెల్లారేసరికి ట్రెంచ్‌లో నీళ్లు నిలిస్తే గట్టు నాని విరిగిపడుతుంది, అందుకని మోటారు వేసే వంతు ట్రెంచ్‌లన్నిటికీ కలిపి వేసుకోండి. పక్క చేను రైతుతో కూడా పరిచయం పెంచుకోండి. మా దగ్గర ఆయన మడికి నీళ్లు పెట్టే రోజు ముందే చెప్పేవారు, మేం ఆ రోజుకి పై పొరల పని పెట్టుకునేవాళ్లం. దాళ్వా (రెండో పంట వరి) అయ్యాక వేసవిలో కాలువలు కట్టేస్తారు, అప్పుడు ఊట తగ్గుతుంది. ఈ ఏడు ఎప్పుడు కడతారో ఆ రైతుని అడిగి మీ డైరెక్టర్ గారికి చెప్పండి, లోతు పని ఆ రోజులకి అట్టేపెట్టుకోవచ్చు.