ఇమ్యునోథెరపీ మొదలయ్యే ముందు నీకు చెప్పాల్సినవి

అమ్మలూ,

మీ నాన్నకి వచ్చే వారం కేన్సర్‌కి పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు మొదలుపెడుతున్నారని విన్నాను. "కీమో కాదుగా అత్తా, ఇక సైడ్ ఎఫెక్ట్స్ ఉండవేమో" అన్నావు చూడు, దానికే ఈ ఉత్తరం. ఉంటాయమ్మా. కాకపోతే కీమోవాటికీ వీటికీ పోలికే లేదు. కేన్సర్ వార్డులో నర్సుగా పనిచేసినన్నాళ్లూ నాకు ఎక్కువ బెంగ కీమో అలవాటైన ఇళ్లతోనే. ఏం వచ్చినా "మామూలే, నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది" అని కూర్చునేవాళ్లు.

మన రక్తంలో జబ్బులతో పోరాడే టి కణాలకు పీడీ-1 అనే బ్రేకు ఉంటుంది. కేన్సర్ కణం ఆ బ్రేకు నొక్కి తప్పించుకుంటుంది. ఈ మందు ఆ బ్రేకు పడనివ్వదు. ఇలాంటి బ్రేకుల సంగతి తేల్చినందుకే అలిసన్, హోంజో అనే శాస్త్రవేత్తలకి 2018లో నోబెల్ ఇచ్చారు. అయితే బ్రేకు తీసేసిన కణాలు కేన్సర్ మీదికే వెళ్తాయని రాసివ్వలేం. పేగు, ఊపిరితిత్తులు, కాలేయం, థైరాయిడ్, చర్మం, దేని మీదికైనా తిరగబడొచ్చు. చాలామందికి దద్దురు, దురదతోనే పోతుంది. మీ నాన్నకి కీళ్లవాతం, సోరియాసిస్ లాంటివి ఎప్పుడైనా ఉంటే మొదటి డోసుకి ముందే డాక్టరుకి చెప్పు.

ఇప్పుడే ఒక పుస్తకం తీసి మామూలు రోజుల్లో వాడు ఎన్నిసార్లు విరేచనానికి వెళ్తాడో, బరువెంతో, కూర్చున్నప్పుడూ కాస్త నడిచాకా ఆక్సిజన్ ఎంతో రాసిపెట్టు. తర్వాత తేడా తెలిసేది దీంతోనే. మామూలు కన్నా నాలుగుసార్లు ఎక్కువ వెళ్తే అదే రోజు ఫోన్ చెయ్యాలి. రక్తం, జిగట, కడుపునొప్పి ఉంటే ఎన్నిసార్లని లెక్క చూడకుండా వెంటనే ఫోన్ చెయ్యి. ఇంట్లో ఉన్న లోపెరమైడ్ మాత్ర మాత్రం నీ అంతట నువ్వు వెయ్యకు. విరేచనాలు ఆగినట్టుంటాయి, లోపల పేగు వాపు మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

కొత్తగా దగ్గు, ఆయాసం వస్తే జలుబనుకోకు, ఊపిరితిత్తుల వాపు కావచ్చు. ఎక్స్‌రేలో కనపడనిది కొన్నిసార్లు సీటీలో బయటపడుతుంది. గుండెలో నొప్పి, కనురెప్ప వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, వీటికి తెల్లారేదాకా ఆగొద్దు. అరుదే, కానీ వస్తే గంటల్లో ముదురుతుంది.

అందరూ వదిలేసేది నీరసం. వయసనీ, జబ్బనీ సరిపెట్టుకుంటారు. థైరాయిడ్ పడిపోయిందేమో, పిట్యూటరీ, ఎడ్రినల్ గ్రంథులు దెబ్బతిని కార్టిసాల్ అనే హార్మోన్ తగ్గిందేమో రక్తపరీక్షలోనే తెలుస్తుంది. కార్టిసాల్ కూడా తక్కువగా ఉంటే ముందు దాని మందు మొదలెట్టి, ఆ తర్వాతే థైరాయిడ్ మాత్ర ఇస్తారు. ఈ గ్రంథుల దెబ్బ చాలావరకు తిరిగి బాగుపడదు, మాత్రలు జీవితాంతం ఉంటాయి. అంతమాత్రాన కేన్సర్ మందు ఆపాల్సిన పని సాధారణంగా ఉండదు. ఉన్నట్టుండి విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం అయితే వెంటనే షుగర్ చూపించు.

గ్రంథుల సంగతి అలా ఉంచితే, మిగతా వాటికి కాస్త తీవ్రంగా ఉంటే ఇచ్చేది స్టెరాయిడ్. రోజుకి బరువులో కిలోకి 1 నుంచి 2 మిల్లీగ్రాముల దాకా ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. బాగుందనిపించగానే మానేస్తే జబ్బు మళ్లీ తిరగబెడుతుంది, నాలుగు నుంచి ఆరు వారాలు మెల్లగా తగ్గించాల్సిందే. స్టెరాయిడ్ వాడితే అసలు మందు చెడిపోతుందని ఎవరో ఒకరు చెబుతారు. ఆ మాట విని మధ్యలో ఆపకండి.

ఇంకొకటి. రాత్రిపూట ఏ ఎమర్జెన్సీకో వెళ్తే "కేన్సర్ మందు వాడుతున్నారు" అంటే చాలదు. కీమో అనుకుని ఆ దారిలోనే చూస్తారు. "ఇమ్యునోథెరపీ" అనే చెప్పు, మందు పేరు, చివరి డోసు తేదీ ఫోన్‌లో ఫోటో తీసి ఉంచుకో. కోర్సు అయిపోయాక నెలల తర్వాత కూడా ఇవి రావచ్చు కాబట్టి ఆ ఫోటో తీసెయ్యకు. మొదటి రోజే నర్సుని అడిగి రాత్రివేళ ఎత్తే నంబరు తీసుకో. అపాయింట్‌మెంట్లు ఇచ్చే నంబరు వేరు.

మీ నాన్నని "ఎలా ఉంది?" అని అడక్కు. చిన్నప్పటినుంచీ వాడి జవాబు "బానే ఉంది" అనే. ఎన్నిసార్లు వెళ్లావు, మెట్లెక్కితే ఆయాసమొచ్చిందా, దురద ఎక్కడ, అని విడివిడిగా అడుగు. చిరాకుపడితే ఫోన్ నాకివ్వు, నేను అడుగుతాను.

మీ అత్త