వెటరన్స్ ఆసుపత్రిలో బ్రెయిన్ ఇమేజింగ్ పోస్ట్‌డాక్: పేషెంట్లతో ఎప్పుడూ పని చేయకపోతే వెళ్లొచ్చా?

హైదరాబాద్‌లో పీహెచ్‌డీ అయిపోవస్తోంది, ఎంఆర్ఐ డేటా మీద కోడింగ్ బాగా వచ్చు, అమెరికాలో మాజీ సైనికుల మెదడు మీద పరిశోధన చేసే ల్యాబ్‌లో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగం) వచ్చేలా ఉంది, కానీ పేషెంట్లతో ఎప్పుడూ పని చేయలేదు, వెళ్లొచ్చా అని అడిగారు. తప్పకుండా వెళ్లండి. నేనూ సరిగ్గా అలాగే వెళ్లి మూడేళ్లు చేశాను.

ముందు కాగితాల సంగతి. వెటరన్స్ ఆసుపత్రులు, అంటే మాజీ సైనికుల ఆసుపత్రులు, అక్కడి కేంద్ర ప్రభుత్వానివి. వాళ్ల సొంత ఫెలోషిప్పులు చాలావాటికి అమెరికా పౌరసత్వం ఉండాలి. మనలాంటివాళ్లకు మామూలుగా అనుబంధ యూనివర్సిటీ జీతం, వీసా చూసుకుంటుంది, ఆసుపత్రి జీతం లేని అపాయింట్‌మెంట్ ఇస్తుంది. వేలిముద్రలు, బ్యాక్‌గ్రౌండ్ చెక్, ప్రైవసీ ట్రైనింగ్ అన్నీ అయ్యేసరికి నాకు నాలుగు నెలలు పట్టింది. అప్పటిదాకా ఒక్క స్కాన్ ఫైలు కూడా తెరవనివ్వలేదు. తర్వాత కూడా డేటాను సొంత ల్యాప్‌టాప్‌లో వేసుకుని ఇంటికి తెచ్చుకోవడం కుదరదు.

ఆ ఖాళీలో చదివినవాటిలో ఒకటి ఇప్పటికీ మర్చిపోలేను. పీటీఎస్‌డీ (యుద్ధంలాంటి భయానక అనుభవాల తర్వాత వచ్చే మానసిక సమస్య) ఉన్నవాళ్లలో హిప్పోకాంపస్ అనే, జ్ఞాపకాలకు ముఖ్యమైన మెదడు భాగం కాస్త చిన్నగా ఉంటుందని అంతకుముందే తెలుసు. యుద్ధం వల్ల అలా అయిందా, ముందునుంచే అంతేనా? 2002లో గిల్బర్ట్‌సన్ బృందం వియత్నాం యుద్ధానికి వెళ్లినవాళ్లనీ, యుద్ధానికి వెళ్లకుండా ఉండిపోయిన వాళ్ల కవల సోదరులనీ స్కాన్ చేసి చూసింది. పీటీఎస్‌డీ తీవ్రంగా ఉన్నవాళ్ల సోదరుల్లో, అంటే యుద్ధం చూడనివాళ్లలో కూడా అది చిన్నగానే ఉంది. అది చదివాక, స్కాన్‌లో తేడా కనిపించగానే ఇది యుద్ధం చేసిన గాయమే అనేయడం మానేశాను.

ఇక పేషెంట్ల విషయం. నేను కూర్చున్న మొదటి స్కాన్‌లలో ఇరాక్‌లో పనిచేసి వచ్చిన ఒకాయన ఉన్నారు. ఒంట్లో ఇనుప ముక్కలేవీ లేవని ఫారం నింపించాం, ఇయర్‌ప్లగ్స్ పెట్టాం, ఇబ్బందైతే నొక్కి మమ్మల్ని పిలవడానికి చేతికి రబ్బరు బంతి ఇచ్చాం. మెదడులోని నరాల దారులు చూసే డిఫ్యూజన్ స్కాన్ మొదలవగానే టకటకటకా ఒకటే మోత, పడుకున్న బల్ల కూడా అదురుతుంది. నిమిషం తిరక్కుండానే ఆయన బంతి నొక్కేశారు. బయటికి తీసేసరికి చొక్కా చెమటతో తడిసిపోయింది. ఆ చప్పుడు ముందే వినిపించి ఉండాల్సింది. ఆ పని నాదే, నేను చేయలేదు. నీళ్లిచ్చి పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి, మీ ఊళ్లో సైనికులున్నారా అని అడిగారు. మాది తాడేపల్లిగూడెం వైపు. దగ్గర్లోనే ఉన్న మాధవరాన్ని అందరూ మిలిటరీ మాధవరం అంటారని, అక్కడ దాదాపు ఇంటికొకరు సైన్యంలోకి వెళ్తారని చెప్పాను. రెండు వారాలకి ఆయనే మళ్లీ వచ్చారు. ఈసారి ఒక్కో చప్పుడూ ముందే వినిపించి, ఇది ఆరు నిమిషాలు, ఇది పది అని చెబుతూ చేశాం. మొత్తం పూర్తయింది.

కొన్ని నెలలకి ఎక్సెల్‌లో ఆయన మొదటి స్కాన్ ఒక వరసలో కనిపించింది. పక్కన ‘కదలిక ఎక్కువ, తీసేయాలి’ అని ఉంది. తీసేయాల్సిందే, తల కదిలితే లేని తేడాలు ఉన్నట్టు కనిపిస్తాయి. కానీ కదలకుండా పడుకోలేనివాళ్లు చాలాసార్లు ఎక్కువ బాధపడుతున్నవాళ్లే. వాళ్లందరినీ తీసేస్తే మిగిలేది కాస్త కుదుటపడ్డవాళ్ల మెదళ్లు. ఆ తర్వాత ప్రతి విశ్లేషణలోనూ ఎవరిని తీసేశామో, వాళ్ల లక్షణాలు ఎంత తీవ్రంగా ఉన్నాయో విడిగా లెక్కగట్టి రాశాను. స్కాన్ గదిలో ఆ రోజు నేను లేకపోయుంటే ఆ వరస చెరిపేసి ముందుకెళ్లిపోయేవాణ్ని.

అందుకే ఇంటర్వ్యూలో, పోస్ట్‌డాక్‌లను స్కాన్‌లకు, పీటీఎస్‌డీ ఇంటర్వ్యూలకు కూర్చోనిస్తారా అని అడగండి. ఎంతమంది స్కాన్‌లు ఇప్పటికే చేతిలో ఉన్నాయో కూడా అడగండి, అన్నీ కొత్తగా సేకరించాలంటే రెండేళ్లు ఇట్టే అయిపోతాయి. ఆఫర్ లెటర్ రాగానే, వీసా కోసం ఆగకుండా, ఇక్కడినుంచే నింపగలిగిన ఆసుపత్రి ఫారాలు పంపమనండి.