సెమినరీకి దరఖాస్తు పెడుతున్న మేనల్లుడికి

పర్లాకిమిడి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

అమెరికా సెమినరీకి, అంటే క్రైస్తవ వేదాంత కళాశాలకి, దరఖాస్తుతో పెట్టాలని నువ్వు వాట్సాప్‌లో పంపిన పర్సనల్ స్టేట్‌మెంట్ రెండుసార్లు చదివాను. రెండు పేజీల్లో తొమ్మిది బైబిలు వాక్యాలున్నాయి. మిగతాదంతా దేవుడు నిన్ను పిలిచిన సంగతి. మీ ఊరు గుణుపురం పేరు ఒక్కచోటా లేదు. ఆ కాగితం మీద నీ పేరు కొట్టేసి ఇంకో కుర్రాడి పేరు రాసినా సరిగ్గా అతుకుతుంది. చిక్కంతా అక్కడే ఉంది.

అమెరికాలో దాన్ని చదివేది ప్రొఫెసర్లు, అడ్మిషన్ కమిటీ వాళ్ళు. నీకు భక్తి ఉందా లేదా అన్నది మీ పాస్టరు గారి లేఖ చెబుతుంది. నీ కాగితంలో వాళ్ళు వెతికేది వేరు. ఈ మనిషికి ఒక ప్రశ్న ఉందా? ఆ ప్రశ్నకు మా దగ్గర పాఠం చెప్పేవాళ్ళున్నారా? చదివాక ఇతను ఎక్కడికి వెళ్ళి ఏం చేస్తాడు?

నీకు ప్రశ్న లేకేం! మీ చర్చి సంఘంలో ప్రసంగం తెలుగులో, పాట ఒడియాలో. వెనక వరసల్లో కొండ దిగి వచ్చిన సవర తెగ ముసలమ్మలకు రెండూ సగం సగమే అర్థమవుతాయి. పోయినేడు క్రిస్మస్‌కి వచ్చినప్పుడు నువ్వే అన్నావు, "మావయ్యా, వాళ్ళు ఆమెన్ అనేది నా మొహమాటానికేమో" అని. ఆ ఒక్క మాటతో మొదలుపెట్టు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మన ఊళ్ళు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవని, అందుకే ఒకే వీధిలో మూడు భాషలు వినిపిస్తాయని రెండు వాక్యాల్లో చెప్పు. అక్కడివాళ్ళకు అది తెలిసే దారి లేదు. గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ ఊళ్ళోనే మాస్టారుగా ఉంటూ సవర నేర్చుకుని, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఆ దారిలో నువ్వు బోధన కోసం ఏం చేయాలనుకుంటున్నావో రాయి. బైబిలు వాక్యాలు ఒకటో రెండో చాలు.

ఇంకో సంగతి. నువ్వు ఎం.డివ్.కి (మాస్టర్ ఆఫ్ డివినిటీ) పెడతానన్నావు. ఎందుకురా? అది మూడేళ్ళ చదువు. నీకు సెరాంపూర్ బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) ఉంది. బి.డి. ఉన్నవాళ్ళను టిహెచ్.ఎం.కి (మాస్టర్ ఆఫ్ థియాలజీ) నేరుగా తీసుకునే సెమినరీలు చాలా ఉన్నాయి. మన ఎం.టిహెచ్. లాంటిదే, కానీ అక్కడ సాధారణంగా ఏడాదిలో అయిపోతుంది. రెండేళ్ళు, రెండేళ్ళ ఫీజు మిగులుతాయి. నీ డిగ్రీ సరిపోతుందా అని ముందే ఆ సెమినరీకి మెయిల్ రాసి అడుగు. డిగ్రీ ఇచ్చింది మీ కాలేజీ కాదు, సెరాంపూర్ సెనేట్. ఆ ముక్క మెయిల్లో స్పష్టంగా ఉండాలి. మార్కుల ట్రాన్‌స్క్రిప్ట్ సీలు కవర్లో నేరుగా పంపమని అడుగుతారు. బరంపురం యూనివర్సిటీ నుంచి బి.ఏ.ది కూడా తెప్పించాలి. ఆఫీసుల్లో పని ఎలా నడుస్తుందో నీకు తెలుసు, ఇప్పుడే మొదలుపెట్టు.

స్కూల్ ఏదైనా అసోసియేషన్ ఆఫ్ థియలాజికల్ స్కూల్స్ జాబితాలో ఉందో లేదో చూసుకో. అమెరికా, కెనడా సెమినరీలకు గుర్తింపు ఇచ్చేది అదే. ఫీజు పంపితే చాలు, గౌరవ డాక్టరేట్ ఇస్తామని మన పాస్టర్లకు మెసేజీలు వస్తుంటాయి. పేరు ముందు డాక్టర్ పెట్టుకుని తిరిగేవాళ్ళు ఈ జిల్లాలో తక్కువేం లేరు, ఎవరి పేరూ చెప్పను. కొన్ని సెమినరీలు తమ విశ్వాస ప్రకటన మీద సంతకం అడుగుతాయి. పూర్తిగా చదువు. నువ్వు నమ్మని మాట అందులో ఉంటే ఆ స్కూల్ వదిలెయ్.

సిఫార్సు లేఖల దగ్గర నా సిగ్గుమాలిన కథ చెబుతాను. మొదటిసారి దరఖాస్తు పెట్టినప్పుడు మూడు లేఖలూ నేనే టైపు చేసి, ముగ్గురు పెద్దల దగ్గరికి తిరిగి సంతకాలు పెట్టించుకున్నాను. ముగ్గురు పెద్దమనుషులూ ఒకే మాటకు ఒకే స్పెల్లింగ్ తప్పు చేశారు! సీటు రాలేదు. ఏడాది పోయింది. ఇప్పుడైతే లేఖ పెట్టే లింకు సెమినరీ నుంచి నేరుగా వాళ్ళ మెయిల్‌కే వెళ్తుంది. ఆ పాస్‌వర్డ్ నాకివ్వండి, నేను నింపేస్తానని అనకు. గొప్ప పేరున్న బిషప్ గారి రెండు లైన్ల కన్నా, నీ థీసిస్ దిద్దిన మాస్టారి ఒక పేజీ మేలు. ఆయనకు రెండు నెలల ముందే చెప్పు, నీ స్టేట్‌మెంట్ కాపీ ఇవ్వు.

ఇంగ్లీషు పరీక్ష తప్పకపోవచ్చు. ఐఇఎల్‌టిఎస్‌లో చాలాచోట్ల 6.5 లేదా 7 అడుగుతారు. భువనేశ్వర్‌లోనూ విశాఖలోనూ రాయొచ్చు. స్కోరు రెండేళ్ళే చెల్లుతుంది, మరీ ముందుగా రాసెయ్యకు.

ఇక పేరు. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు, నీ పేరు ఏ గడిలో ఏది పడ్డాయో చూశావా? పేరంతా ఒకే గడిలో ఉండి, గివెన్ నేమ్ గడి ఖాళీగా ఉంటే, అమెరికా వీసాలో నీ పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యు (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలీదని) అని పడుతుంది. అక్కడ దిగాక బ్యాంకు నుంచి లైబ్రరీ కార్డు దాకా అదే నీ పేరవుతుంది. పైగా ఒడియా బళ్ళో చదివావు. టెన్త్ సర్టిఫికెట్ స్పెల్లింగ్ ఒకటి, బాప్తిస్మం సర్టిఫికెట్‌లో ఇంకొకటి. అన్నీ పక్కపక్కన పెట్టి చూడు. పాస్‌పోర్ట్ దిద్దించుకోవాల్సి వస్తే అడ్మిషన్ రాకముందే కానివ్వు.

డబ్బు గురించి మీ అమ్మ ఫోన్ చేసింది. పొలం తాకట్టు పెడతానంటోంది. వద్దని గట్టిగా చెప్పాను. సీటు వచ్చినంత మాత్రాన ఐ-20, అంటే విద్యార్థి వీసాకి స్కూల్ ఇచ్చే కాగితం, రాదు. కనీసం మొదటి ఏడాది ఫీజు, తిండి, ఇల్లు, ఇన్సూరెన్స్‌కి సరిపడా డబ్బు ఎవరిస్తారో కాగితం మీద చూపించాలి. భార్యాబిడ్డల్ని తీసుకెళ్తే వాళ్ళ ఖర్చు అదనం. విద్యార్థి కుటుంబానికిచ్చే ఎఫ్-2 వీసా మీద నీ భార్య ఉద్యోగం చేయకూడదు. నువ్వు కూడా క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చేయొచ్చు. ఆ జీతంతో ఇల్లు గడుపుదామన్న లెక్క వేసుకోకు. స్కాలర్‌షిప్ అన్నప్పుడు ట్యూషన్ ఒక్కటేనా, జీవనానికి కూడానా అని అడుగు, అడగడానికి మొహమాటపడకు. స్కాలర్‌షిప్ గడువు చాలాచోట్ల అడ్మిషన్ గడువుకన్నా ముందే ముగుస్తుంది. స్కూలో సంఘమో భరించకపోతే ఈ ఏడు ఆగు. పొలం అమ్ముకుని వెళ్ళినవాడు తిరిగి రాలేడు, అప్పు తీరేదాకా అక్కడే ఏదో పని చూసుకుంటాడు. అలాంటివాళ్ళను చూశాను.

ఐ-20 వచ్చాక సెవిస్ (విదేశీ విద్యార్థుల నమోదు) ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు. ఒడిశా వాళ్ళకీ హైదరాబాద్ కాన్సులేటే, నానక్‌రామ్‌గూడలో ఉంది. పలాసలో రైలెక్కితే వెళ్ళిపోవచ్చు. విద్యార్థి వీసాకు సోషల్ మీడియా ఖాతాలన్నీ పబ్లిక్‌గా పెట్టమంటున్నారు. సంఘం ఎన్నికలప్పుడు ఫేస్‌బుక్‌లో నువ్వు రాసినవి ఒకసారి నువ్వే చదువుకో.

ఇంటర్వ్యూ రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. ప్రసంగం మొదలుపెట్టకు. ఎందుకు తిరిగొస్తావని అడిగితే సవర ముసలమ్మల సంగతి చెప్పు. స్టేట్‌మెంట్‌లో అది నిజంగా రాసి ఉంటే అక్కడ నోరు తడబడదు.

సోమవారం బస్సెక్కి వచ్చెయ్. సర్టిఫికెట్లన్నీ ఒరిజినల్స్ తెచ్చుకో, కొత్త స్టేట్‌మెంట్ చేత్తో రాసిందైనా పర్వాలేదు. పాత కొడవలి ఒకటి మీ ఇంట్లో ఉండిపోయిందట, మీ అత్త అదీ తెమ్మంటోంది.

మీ మావయ్య