బయటి సెన్సర్ లైటు కొట్టుకుంటుంటే ముందు చెవి పెట్టి వినండి

బల్బు మార్చాక కూడా బయటి మోషన్ సెన్సర్ లైటు మినుకుమంటూనే ఉందన్నారు కదా. మా పెరటి లైటుకీ ఇదే జబ్బు వచ్చింది. ఇంకో బల్బు మాత్రం కొనకండి.

లైటు వెలిగే సమయానికి సెన్సర్ దగ్గర నిలబడి వినండి. లోపల టకటకమని చప్పుడు, దాంతోపాటే లైటు ఆరడం వెలగడం జరుగుతుంటే రిలే, అంటే లైటుని వెలిగించి ఆర్పే లోపలి స్విచ్, నిలవడం లేదన్నమాట. మాది సరిగ్గా ఇదే. చవక సెన్సర్లలో చాలావాటికి ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. ఒక కెపాసిటర్ ద్వారానే లోపలి సర్క్యూట్‌కి కరెంటు అందుతుంది. ఏళ్ల తరబడి వాడాక ఆ కెపాసిటర్ సత్తా తగ్గిపోతుంది. సెన్సర్ మనిషిని పసిగట్టడానికి ఆ కొద్దిపాటి కరెంటు చాలు, రిలేని పట్టి ఉంచడానికే చాలదు. రిలే లాగగానే వోల్టేజీ పడిపోతుంది, రిలే వదిలేస్తుంది, వోల్టేజీ లేస్తుంది, మళ్లీ లాగుతుంది. మా దాని మీద 0.47 మైక్రోఫారడ్ అని ఉంది, మీటరు పెడితే అందులో సగం కూడా చూపలేదు. అదే విలువ, అదే ఎక్స్2 రకం (ఇంటి కరెంటుకి నేరుగా తగిలించేలా చేసిన కెపాసిటర్) వేశాక లైటు కుదురుగా వెలుగుతోంది. సోల్డరింగ్ అలవాటు లేకపోతే సెన్సర్‌నే మార్చేయండి, అదే నయం. విప్పేముందు ఎంసీబీ దించి, టెస్టర్‌తో చూసుకోవడం మరవకండి. కెపాసిటర్‌లో కాసేపు చార్జి మిగిలే ఉంటుంది, వేలు పెట్టొద్దు.

చప్పుడేమీ లేకపోతే సెన్సర్‌కి ఎన్ని వైర్లు వచ్చాయో చూడండి. న్యూట్రల్ లేని రెండు వైర్ల రకమైతే, సెన్సర్ తన కరెంటుని బల్బు గుండానే లాక్కుంటుంది. పాత ఫిలమెంటు బల్బుకి అది లెక్కలోకి రాదు. తక్కువ వాట్ల ఎల్ఈడీ మాత్రం ఆర్పినా మిణుకుమంటుంది. న్యూట్రల్ కలిపే మూడు వైర్ల సెన్సర్ పెడితే ఆ గొడవ పోతుంది.

కొన్ని సెకన్లు వెలిగి, ఆరి, మళ్లీ వెలుగుతోందా? అప్పుడు లైటు వెలుతురు సెన్సర్ మీదే పడుతుండొచ్చు. అది తెల్లారిందనుకుని ఆర్పుతుంది, చీకటి కాగానే మళ్లీ వెలిగిస్తుంది. లక్స్ అని రాసి ఉన్న మీటని సూర్యుడి బొమ్మ వైపు తిప్పండి. కొట్టుకోవడం ఆగితే కారణం అదే, సెన్సర్ తలని బల్బుకి ఎడంగా తిప్పితే సరి. తెల్ల గోడ మీంచి తిరిగొచ్చే వెలుతురు కూడా ఇలాగే చేస్తుంది.

వాన పడ్డప్పుడే ఈ ఇబ్బంది వస్తుంటే మూత తీసి లోపల చెమ్మ, తుప్పు, వదులైన స్క్రూలు చూడండి.

ఇంతకీ తేలకపోతే ఎలక్ట్రీషియన్ చేత సెన్సర్‌ని పక్కన పెట్టించి బల్బుకి నేరుగా కరెంటు ఇప్పించండి. అప్పుడు నిలకడగా వెలిగితే తప్పు సెన్సర్‌ది. అప్పుడూ కొట్టుకుంటే వైరింగ్‌లోనో హోల్డర్‌లోనో ఉంది.

కొత్త సెన్సర్ బిగించి కరెంటు ఇవ్వగానే మొదటి అర నిమిషం, నిమిషం లైటు దానంతటదే వెలుగుతుంది. అది సర్దుకునే సమయం, కంగారుపడి మళ్లీ విప్పకండి.