పౌరస్వేచ్ఛ నిలబడాలంటే క్రైస్తవ విశ్వాసం అవసరమా?

"స్వేచ్ఛకు నీతి, నీతికి మతం కావాలని అమెరికా నిర్మాతలే అన్నారు. అలాంటప్పుడు ప్రభుత్వమే క్రైస్తవాన్ని ప్రోత్సహించాలి కదా?" అని ఒకరు నన్ను అడిగారు.

మొదటి మాట నిజమే. 1796 నాటి వీడ్కోలు సందేశంలో అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ ఇంచుమించు అదే చెప్పారు. రెండేళ్లకు, అప్పటి అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ ఇంకా సూటిగా, తమ రాజ్యాంగం నీతీ దైవభక్తీ ఉన్న ప్రజల కోసమే తయారైందని రాశారు. మనిషి తన కోరికలను తాను అదుపు చేసుకోకపోతే, ఆ పని ప్రభుత్వం బలప్రయోగంతో చేయాల్సి వస్తుందన్నది దీని వెనకున్న ఆలోచన. గలతీయులకు రాసిన పత్రిక (5:13)లో పౌలు కూడా స్వేచ్ఛను స్వార్థానికి వాడుకోక ప్రేమతో ఒకరికొకరు సేవ చేయమన్నాడు.

రెండో మాటతో మాత్రం నేను ఏకీభవించను. దాన్ని గట్టిగా ఎదిరించిన వాళ్లలో భక్తులే ముందున్నారు. మసాచుసెట్స్ నుంచి బహిష్కరణకు గురైన క్రైస్తవ బోధకుడు రోజర్ విలియమ్స్ 1636లో ప్రావిడెన్స్ అనే ఊరు స్థాపించి, అక్కడ ఎవరి మనస్సాక్షినీ బలవంతపెట్టకూడదన్నాడు. బలవంతపు ఆరాధన దేవుడికే అసహ్యమని ఆయన నమ్మకం. వర్జీనియాలో లైసెన్సు లేకుండా బోధించినందుకు బాప్టిస్టు అనే క్రైస్తవ శాఖ బోధకులు జైలుకెళ్లారు. 1786లో అక్కడ మతస్వేచ్ఛ చట్టం రావడానికి బాప్టిస్టుల మద్దతు ఎంతో తోడ్పడింది.

ఇంకో సంగతి, విశ్వాసం ఉన్నంత మాత్రాన నీతి దానంతటదే రాదు. బైబిల్ చదివేవాళ్లే బానిసలను ఉంచుకున్నారు. అదే బైబిల్ చదివిన క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు బానిసత్వాన్ని ఎదిరించారు.