పెద్దాయన చేత జోకులు వేయించకు

చిరంజీవికి,

నీ నవల అందింది. ఆరు అధ్యాయాలూ ఒక్క బిగిన చదివేశాను. నాలుగో అధ్యాయంలో పైకే నవ్వాను. మొదటి అధ్యాయంలో మాత్రం ఒక్కసారీ నవ్వు రాలేదు. ఎందుకో చెబుతాను, నొచ్చుకోకు.

మొదటి అధ్యాయంలో నీ రిటైరైన పెద్దాయన పేజీకి మూడు జోకులు వేస్తాడు. కొడుకు ఇంకో రెండు వేస్తాడు. అల్లుడు సరేసరి. ఇంట్లో అందరూ చమత్కారులే అయితే ఇక నవ్వడానికి నాకేం మిగిలింది?

నాలుగో అధ్యాయంలో ఆయన ఒక్క జోకూ వేయడు. కత్తెర కనిపించడం లేదని ఒక రిజిస్టరు తెరుస్తాడు. తీసుకున్నవాళ్లు తేదీ, టైము వేసి సంతకం పెట్టాలి. మనవరాలు వచ్చి, "తాతయ్యా, సంతకానికి పెన్ను కావాలంటే ఏ రిజిస్టర్లో రాయాలి?" అని అడుగుతుంది. ఆయన కాసేపు ఆలోచించి రెండో రిజిస్టరు తెరుస్తాడు. ఆ 'కాసేపు' ఉంది చూడు, నవ్వంతా అక్కడే ఉంది. దాని కింద "అందరూ పగలబడి నవ్వారు" అని ఒక వాక్యం రాశావు. కొట్టెయ్. ఆయనకది వేళాకోళం కాదు. కింద పనిచేసే మనుషులు పోయారు గానీ సంతకాల అలవాటు పోలేదు, అంతే.

చెవుడు మీద, కళ్లజోడు నెత్తిన పెట్టుకుని వెతుక్కోవడం మీద రాసినవీ తీసెయ్. అవి ఏ ముసలాయనకైనా అతుకుతాయి.

పదకొండు మంది బంధువులను ఒకే భోజనాల బల్ల దగ్గర పరిచయం చేశావు. ఎవరు ఎవరికి బావమరిదో తేలక నేను పెన్సిలుతో వంశవృక్షం గీసుకున్నాను, అదీ తప్పే వచ్చింది. ఒక్కొక్కరినీ ఒక్కో గొడవతో లోపలికి తీసుకురా. బాత్రూం తలుపు బాదుతూ వచ్చినవాణ్ణి ఎవరూ మర్చిపోరు.

ఇక ఆయన భార్య. ఆవిడకు మొత్తం మీద ఏడు మాటలిచ్చావు, లెక్కపెట్టాను. అసలు నవల ఆవిడ దగ్గరే ఉందయ్యా! ఇన్నేళ్లూ ఆయన ఆఫీసుకు వెళ్లాక సాయంత్రం దాకా ఆ ఇల్లు ఆవిడది. ఇప్పుడు అందులోకి కొత్త ఆఫీసరొకడు వచ్చి కూర్చున్నాడు. పని రాదు, సలహాలు మాత్రం వస్తాయి. ఆవిడ అరవక్కర్లేదు, ఏడవక్కర్లేదు. ఆ రిజిస్టర్లో ఆవిడ సంతకం ఒక్కటీ ఎందుకు లేదో ఆలోచించు.

చివర్లో ఆయన్ని ఆస్పత్రిలో పడుకోబెట్టి అందర్నీ కలపాలని ప్లాను వేశావట. నేనూ ఒక నవలలో ఆ పనే చేశాను. ఊరికే నవ్విస్తే చిన్న రచయిత అనుకుంటారేమోనని భయం. ఆ అధ్యాయం ఇప్పుడు నేనే చదవలేను.

ఏడో అధ్యాయం ఆవిడతో మొదలుపెట్టి పంపు. కత్తెర ఎక్కడుందో ఆవిడకు మొదటి నుంచీ తెలుసని నా అనుమానం.

ఆశీస్సులతో.