ముఖానికి మార్ఫ్ టార్గెట్లు చేయబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో మనిషి ముఖానికి మార్ఫ్ టార్గెట్లు, అంటే స్లైడర్ జరిపితే ముఖం ఆకారం మారేటట్లు చెక్కే మార్పులు, చేయడం మొదలుపెడుతున్నానని, ఎక్కడ జాగ్రత్తపడాలో చెప్పమని రాశావు. చాలా ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను కనుక నాకు ముఖ్యమని తోచినవి రాస్తున్నాను.

మార్ఫ్‌లో నిల్వ ఉండేది కదలిక ఒక్కటే. బొమ్మ ఉపరితలంగా ఉండే బిందువుల వల, అంటే అసలు మెష్‌లో, ఏ వెర్టెక్స్ (బిందువు) ఎటువైపు ఎంత జరగాలన్నదే అందులో ఉంటుంది. మేక్‌హ్యూమన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోని టార్గెట్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూస్తే వరుసకొక వెర్టెక్స్ సంఖ్య, దాని పక్కన మూడు దిశల్లో జరగవలసిన దూరాలు కనిపిస్తాయి. అందుకే బేసిస్, అంటే ఏ మార్పూ లేని మూల ఆకారం, కుదిరాక వెర్టెక్సుల లెక్క గానీ క్రమం గానీ మారకూడదు. లెక్క మారిన ఓబీజే మోడల్ ఫైలును, డాజ్ స్టూడియో అనే మరో త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో మార్ఫ్‌లను ఎక్కించే మార్ఫ్ లోడర్ ప్రో తీసుకోనే తీసుకోదు. లెక్క సరిపోయి క్రమం మాత్రం చెదిరితే ముఖం ముళ్లకంపలా విచ్చుకుంటుంది. డాజ్ బొమ్మను బయటికి తీసేటప్పుడు రిజల్యూషన్‌ను బేస్‌లో పెట్టు, లేకపోతే వెర్టెక్సుల లెక్క మారిపోతుంది. డాజ్‌లో ఒక యూనిట్ అంటే సెంటీమీటరు, బ్లెండర్‌లో మీటరు. కాబట్టి పంపేటప్పుడు వాడిన కొలతనే తిరిగి తెచ్చేటప్పుడూ వాడు. మిర్రర్ (ఒక సగాన్ని అద్దంలోలా రెండో వైపు చూపేది) వంటి మాడిఫైయర్లను, షేప్ కీలు (బ్లెండర్‌లో మార్ఫ్‌లకున్న పేరు) చేర్చకముందే అప్లై చేసెయ్యి, తరువాత బ్లెండర్ ఒప్పుకోదు.

కొత్తవాళ్లు స్లైడర్‌ను చివరిదాకా జరిపి, కన్ను చక్కగా మూసుకుందని సంతోషిస్తారు. అసలు పరీక్ష సగం దగ్గర ఉంది. సున్నా నుంచి ఒకటి వరకు ప్రతి వెర్టెక్సూ సరళరేఖలోనే నడుస్తుంది, కనురెప్ప మాత్రం గుండ్రని కనుగుడ్డు మీదుగా జారాలి. అందువల్ల సగం మూసిన చోట రెప్ప కనుగుడ్డులోకి దిగబడుతుంది. దీనికి సగం మూత కోసం వేరే సవరణ షేప్ కీ చేసి, ప్రధాన స్లైడర్ 0.5 దగ్గర ఉన్నప్పుడు అది పూర్తిగా పలికేటట్లు, రెండు చివరలా సున్నా అయ్యేటట్లు డ్రైవర్ (ఒక విలువను బట్టి మరో విలువను నడిపే ఏర్పాటు) పెట్టాలి. దవడ కూడా వంపుగానే తిరుగుతుంది కాబట్టి దాన్ని బొమ్మను కదిలించే ఎముకకే (బోన్) వదిలిపెట్టి, పెదవులు, బుగ్గలు సరిచేయడానికి మాత్రమే మార్ఫ్ వాడడం నాకు నచ్చిన పద్ధతి.

‘సంతోషం’, ‘కోపం’ అని మొత్తం ముఖాన్ని ఒకే మార్ఫ్‌గా చెక్కవద్దు. పాల్ ఎక్‌మన్, వాలెస్ ఫ్రీసెన్ 1978లో ప్రచురించిన ఫ్యాక్స్ (ఫేషియల్ యాక్షన్ కోడింగ్ సిస్టమ్) పద్ధతి ముఖ కవళికలను విడివిడి కండరాల కదలికలుగా విభజించింది. నిండు నవ్వులో పెదవి మూలలు పైకి లాగడం ఒక అంశమైతే, బుగ్గలు లేచి కళ్ల కింద ముడత పడడం మరొకటి. ఆ రెండూ విడిగా ఉంటేనే మర్యాదకు నవ్వే నవ్వును కూడా చూపగలవు. ఐఫోన్‌తో ముఖ కదలికలను పట్టే ఆలోచన ఉంటే, ఆపిల్ వారి ముఖ కదలికలను గుర్తించే ఏఆర్‌కిట్ 52 కవళికలకు పెట్టిన పేర్లనే అక్షరం పొల్లుపోకుండా వాడు. అయితే విడివిడిగా బాగున్నవి కలిస్తే చెడిపోవచ్చు. నవ్వూ నోరు తెరవడమూ కలిసినప్పుడు రెండు కదలికలూ పెదవి మూలల మీద కూడి అక్కడ చర్మం సాగిపోతుంది. ఆ జంటకు సవరణ మార్ఫ్ చేసి, రెండు స్లైడర్ల లబ్ధంతో నడిపించాలి.

కుడి ఎడమలను వేర్వేరుగా చెక్కే శ్రమ అనవసరం. సిమెట్రీతో మొత్తం చెక్కి, ఏ వెర్టెక్స్‌కు ఎంత ప్రభావమో బరువులుగా చెప్పే వెర్టెక్స్ గ్రూపులతో విడగొట్టు. నడిమి గీత మీద రెండింటికీ 0.5 చొప్పున బరువు ఉండి, ఎక్కడ కూడినా మొత్తం 1 రావాలి. చెక్కేటప్పుడు బ్రష్ తగిలి తల వెనుక ఏదైనా కదిలితే, ఆ భాగాన్ని ఎంచుకుని ‘బ్లెండ్ ఫ్రమ్ షేప్’లో యాడ్ తీసేసి బేసిస్‌కు మళ్లించు. స్మూత్ బ్రష్‌ను పొదుపుగా వాడు, అది పెదవులను సన్నబరుస్తుంది. కనురెప్పల వెంట్రుకలు వేరే మెష్ అయితే వాటికీ అదే పేరుతో షేప్ కీ ఉండాలి.

నీ బొమ్మ తెలుగు మాట్లాడాలన్నావు కాబట్టి పెదవుల సంగతి కొంచెం వివరంగా చెబుతాను. ప, బ, భ, మ నాలుగింటికీ పెదవులు మూసిన ఒక్క మార్ఫ్ చాలు, ఒత్తి పలికినా పలకకపోయినా బయటికి తేడా తెలియదు. ఇ, ఈల ఆకారం దాదాపు ఒకటే, ఉ, ఊల ఆకారమూ అంతే, జంటలో తేడా నిలిపే సేపులోనే ఉంటుంది. ట, డ, ణ, ళలకు నాలుక మడత కావాలి కనుక నాలుకకు కూడా మార్ఫ్ చెయ్యి. ఇంగ్లీషు కోసం తయారైన పెదవుల సెట్లలో ఇది దొరకడం కష్టం. సున్నతో మరీ జాగ్రత్త. ‘పంపు’లో పెదవులు మూయాలి, ‘వంక’లో మూయకూడదు, ‘ముఖం’ చివర మళ్లీ మూయాలి. రాతను చూసి ఒకే మార్ఫ్ తగిలిస్తే డబ్బింగ్ బొమ్మలా ఉంటుంది. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి మాట చివర నోటిని తొందరపడి మూయించకు.

ముందుగా రెప్పమూత, పెదవి మూలల లాగుడు, పెదవుల మూత, ఉకారపు గుండ్రదనం, కనుబొమల ఎత్తు, ఈ అయిదే చేసి నాకు బ్లెండ్ ఫైలు పంపు. రెండర్ చేసిన చిత్రాలు వద్దు. స్లైడర్లను నేనే సగంలో ఆపి, ఒకదానితో ఒకటి కలిపి చూసి, ఎక్కడ విరుగుతోందో గుర్తుపెట్టి పంపుతాను.

ఇట్లు,
నీ మేనమామ